సిటీ కౌన్సిల్ వాళ్ళ జీతం వాళ్ళే పెంచుకుంటారా? బ్యాలట్ మీద ఆ ప్రశ్న వస్తే ఏం చూడాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండీ. డాలస్ పక్కన ఒక సబర్బ్‌లో ఉంటున్నారు, ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది, మొదటిసారి లోకల్ ఎలక్షన్‌లో ఓటు వేయబోతున్నారు, శాంపిల్ బ్యాలట్ తీసి చూస్తే మేయర్‌కీ కౌన్సిల్ మెంబర్లకీ జీతం పెంచే చార్టర్ (ఊరి మూల చట్టం) సవరణ కనపడింది. "వీళ్ళ జీతం వీళ్ళే పెంచుకోవడం ఏంటి, మన ఎమ్మెల్యేలు చేసేదే కదా, అసలు ఆ నంబర్ ఎవరు వేశారు, దేని మీద లెక్క కట్టారు, అవును అనాలా కాదు అనాలా" అని మీ ప్రశ్న.

సూటిగా జవాబు చెప్పేస్తా. అది మీ బ్యాలట్ మీదకి వచ్చిందంటేనే వాళ్ళంతట వాళ్ళు పెంచుకునే అధికారం వాళ్ళకి లేదని అర్థం. మీ ఊరి చార్టర్‌లో జీతం అంకె రాసేసి ఉంది, ఆ అంకె మార్చాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి. కౌన్సిల్ చేయగలిగింది ప్రశ్న మీ ముందు పెట్టడం వరకే. ఎంత అనేదానికన్నా ముందు చూడాల్సినవి ఎవరు నిర్ణయిస్తున్నారు, దేనికి ముడిపెట్టారు, ఎప్పటినుంచి అమలు, ఈ మూడు. ఇవి సరిగ్గా ఉంటే అంకె కాస్త ఎక్కువున్నా నేను అవును అంటాను, ఇవి సరిగ్గా లేకపోతే అంకె చిన్నదైనా కాదు అంటాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. టెక్సాస్ వచ్చి ఇరవై రెండేళ్ళయింది, అందులో పదకొండేళ్ళు ఒక సిటీ బడ్జెట్ ఆఫీసులో పనిచేశా, తర్వాత మా సొంత ఊళ్ళో చార్టర్ రివ్యూ కమిటీలో రెండుసార్లు కూర్చున్నా, రెండోసారి జీతాల సబ్‌కమిటీ నా నెత్తిన పెట్టారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

టెక్సాస్‌లో ఐదువేల జనాభా దాటిన ఊరు సొంత చార్టర్ రాసుకోవచ్చు, హోమ్ రూల్ అంటారు. చార్టర్ అంటే ఆ ఊరికి రాజ్యాంగం అనుకోండి. కొన్ని ఊళ్ళు జీతం అంకెని చార్టర్‌లోనే బిగించేస్తాయి, కొన్ని "కౌన్సిల్ ఆర్డినెన్స్ ద్వారా నిర్ణయించుకోవచ్చు" అని ఒక వాక్యం రాసి వదిలేస్తాయి, ఆర్డినెన్స్ అంటే ఇక్కడ కౌన్సిల్ చేసే ఊరి చట్టం. మీ ఊరు మొదటి రకం. ఇంకో విషయం, ఒకసారి చార్టర్ సవరిస్తే మళ్ళీ రెండేళ్ళ లోపు ముట్టుకోకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది, అందుకని ఏదైనా తప్పుగా రాసి పాస్ చేసుకుంటే వచ్చే ఏడు దిద్దుకుందాంలే అనే వీలుండదు. వాక్యం వాక్యం చదవమని అందుకే అంటున్నా.

అంకెని చార్టర్‌లో బిగిస్తే ఏమవుతుందో తెలియాలంటే శాన్ ఆంటోనియో చూడాలి. నేను కమిటీలో అందరికీ ముందు చెప్పింది ఈ కథే. అక్కడ 1951 నాటి చార్టర్‌లో కౌన్సిల్ మెంబర్‌కి మీటింగ్‌కి 20 డాలర్లు అని రాశారు, ఏడాది మొత్తానికి 1,040 మించకూడదు, మేయర్‌కి దానిమీద ఇంకో 3,000. అప్పట్లో అది మరీ అన్యాయం కాదేమో, కానీ ఊరు పెరిగి పెరిగి దేశంలోనే ఏడో పెద్ద నగరం అయింది, వందల కోట్ల డాలర్ల బడ్జెట్, అయినా ఆ 20 డాలర్లు 2015 దాకా అట్లాగే ఉన్నాయండీ, అరవై నాలుగేళ్ళు! మీటింగ్‌కి 20 డాలర్లంటే ఇద్దరు కాఫీ తాగి టిఫిన్ చేస్తే సరి. మరి ఆ పదవిలో ఎవరు కూర్చోగలరు? రిటైర్ అయినవాళ్ళు, సొంత లా ప్రాక్టీస్ ఉన్నవాళ్ళు, ఆస్తి ఉన్నవాళ్ళు, లేకపోతే జీతం తెచ్చే భార్యో భర్తో ఇంట్లో ఉన్నవాళ్ళు. బస్సు డ్రైవర్‌కీ స్కూల్ టీచర్‌కీ ఆ తలుపు మూసేసినట్టే.

2015 మే నెలలో అక్కడ ఓటర్లు చార్టర్ మార్చారు. కౌన్సిల్ మెంబర్‌కి ఏడాదికి 45,722 డాలర్లు, మేయర్‌కి 61,725. అంకెలు వింతగా ఉన్నాయి కదా, గుండ్రంగా 45 వేలు అనకుండా. అక్కడే ఉంది కిటుకంతా. ఆ 45,722 అప్పటి ఆ ఊరి మధ్యస్థ కుటుంబ ఆదాయం, అంటే సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద. మేయర్‌కి దానిమీద 35 శాతం ఎక్కువ. "మీ నాయకుడు మీ ఊళ్ళో మధ్యలో ఉన్న కుటుంబం బతికినట్టే బతుకుతాడు" అని ఓటర్‌కి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఎక్కువా తక్కువా అని వాదించుకునే అవసరమే తగ్గిపోతుంది.

కానీ అందులో ఒక లోపం ఉండిపోయింది. ఆ ఆదాయాన్ని చూసి అంకె వేశారే కానీ ఆ ఆదాయం పెరిగితే అంకె కూడా పెరగాలని రాయలేదు. దాంతో ధరలు, ఇంటి అద్దెలు ఎంత పెరిగినా పదేళ్ళ పాటు అదే 45,722. 2024 నవంబర్ 5న మళ్ళీ ఓటర్ల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది, ఈసారి కౌన్సిల్‌కి 70,200, మేయర్‌కి 87,800 అడిగారు, పాస్ అయింది. ఈసారి మాత్రం పాఠం నేర్చుకున్నారు. కేంద్ర గృహనిర్మాణ శాఖ ప్రతి ఏడూ ప్రకటించే నలుగురు మనుషుల కుటుంబ మధ్యస్థ ఆదాయానికి ముడిపెట్టారు, మేయర్‌కి అందులో నూరు శాతం, కౌన్సిల్‌కి 80 శాతం, ఆ ఆదాయాన్ని బట్టి తర్వాత జీతం కూడా సర్దుకుంటుంది. ఇదీ నేను మంచి డ్రాఫ్టింగ్ అనేది.

ఇప్పుడు అదే రోజు మీ పక్కనే డాలస్‌లో ఏం జరిగిందో చూడండి. డాలస్‌లో 2001కి ముందు మీటింగ్‌కి 50 డాలర్లు ఇచ్చేవాళ్ళు, 2001లో ఓటర్లు కౌన్సిల్‌కి 37,500, మేయర్‌కి 60,000 చేశారు, 2014లో అవి 60,000, 80,000 అయ్యాయి. 2024 నవంబర్‌లో 90,500, 1,10,000 చేద్దామని అడిగితే ఓటర్లు కాదన్నారు. శాతంలో చూస్తే కౌన్సిల్ జీతానికి రెండు ఊళ్ళూ అడిగింది దాదాపు ఒకటే, సగానికి కాస్త ఎక్కువ పెంపు. ఒకచోట అవును, ఇంకోచోట కాదు. నా అభిప్రాయం చెప్తా, డాలస్ బ్యాలట్ మీద ఆరోజు చార్టర్ సవరణలే 18 దాకా ఉన్నాయి, పోలీసుల సంఖ్య దగ్గర్నుంచి సిటీ మీద కేసులు వేసే హక్కు దాకా, అందులో జీతాల సవరణని విడిగా కూర్చోబెట్టి ఓటర్‌కి వివరించినవాళ్ళు తక్కువ. ఎందుకు 90,500, ఎందుకు 85 వేలు కాదు అంటే జనం నోట్లో ఒక వాక్యంగా నిలబడే జవాబు లేదు. శాన్ ఆంటోనియోకి ఆ వాక్యం ఉంది.

అన్ని ఊళ్ళూ ఓటర్ల దగ్గరికే రావండీ, వేరే పద్ధతులు కూడా తెలిస్తే మీ ఊరి ప్రతిపాదన ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో 1990లో చార్టర్ మార్చి కౌన్సిల్ జీతాన్ని జడ్జీల జీతానికి కట్టేశారు, జడ్జీలకి రాష్ట్రం ఎంత పెంచితే వీళ్ళకీ అంత, మేయర్‌కి కౌన్సిల్ మీద 30 శాతం అదనం. ఎవరూ చెయ్యెత్తి ఓటు వేయక్కర్లేదు, కానీ పెరుగుతూ పెరుగుతూ ఏడాదికి 2 లక్షల డాలర్లు దాటిపోయింది, మామూలు మనిషి జీతంతో సంబంధం తెగిపోయింది. షికాగోలో ధరల సూచీతో పాటు ఏటా దానంతట అదే పెరుగుతుంది, వద్దనుకున్న సభ్యుడు ముందుగా లెటర్ రాసివ్వాలి. శాన్ హోసేలో 2018లో ఓటర్లు ఆ అధికారం కౌన్సిల్ చేతిలోంచి తీసేసి ఒక విడి కమిషన్‌కి ఇచ్చారు, ఐదేళ్ళకోసారి వాళ్ళే నిర్ణయిస్తారు, మధ్యలో ధరల ప్రకారం చిన్న సర్దుబాటు. న్యూయార్క్‌లో కూడా కమిషన్ ఉంటుంది కానీ అది సలహా ఇస్తుంది, చివరి మాట కౌన్సిల్‌దే. 2016లో అక్కడ కౌన్సిల్ జీతం 1,12,500 నుంచి 1,48,500 చేసుకున్నారు, కమిషన్ చెప్పినదాని కన్నా ఎక్కువే, కాకపోతే దానికి బదులుగా కమిటీ ఛైర్మన్ పదవులకిచ్చే అదనపు డబ్బులు రద్దు చేశారు, బయటి ఆదాయం మీద కట్టడి పెట్టారు. ఆ మార్పిడి నాకు సబబుగానే అనిపించింది, ఫుల్ టైమ్ జీతం ఇస్తే ఫుల్ టైమ్ పనే చేయమనాలి కదా.

కాలిఫోర్నియాలో మనవాళ్ళు ఎక్కువున్న ఫ్రీమాంట్, కుపర్టీనో లాంటి ఊళ్ళు సొంత చార్టర్ లేనివి, జనరల్ లా సిటీలు అంటారు, అక్కడ గరిష్ఠ పరిమితి రాష్ట్ర చట్టమే జనాభాని బట్టి పెడుతుంది. 2024 జనవరి నుంచి ఆ పట్టీ మారింది, 35 వేల లోపు జనాభా అయితే నెలకి 950 డాలర్లు, రెండున్నర లక్షలు దాటితే 3,200. కౌన్సిల్ ఆర్డినెన్స్ పెట్టి ఆ లోపల పెంచుకోవచ్చు. కానీ పెంపు వెంటనే రాదు, తర్వాతి ఎలక్షన్ అయి కనీసం ఒక సభ్యుడి కొత్త టర్మ్ మొదలయ్యాకే అమలు. ఇది చాలా ముఖ్యమైన కట్టడి. అమెరికన్ కాంగ్రెస్‌కి కూడా ఇదే సూత్రం ఉంది, 27వ సవరణ, 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పొందింది, పెంపుకి ఓటు వేసినవాళ్ళు ఒకసారి జనం ముందుకు వెళ్ళి వచ్చాకే ఆ డబ్బు తీసుకోవాలి.

ఇలాంటి కట్టడులు తప్పించుకుంటే ఏమవుతుందో బెల్ అనే ఊరు చూపించింది. లాస్ ఏంజెలెస్ పక్కన చిన్న ఊరు, ముప్ఫై అయిదు వేల పైచిలుకు జనాభా, ఎక్కువమంది పేద వలస కుటుంబాలు. 2005లో ఒక ప్రత్యేక ఎలక్షన్ పెట్టి చార్టర్ సిటీగా మారింది, 400 మంది కూడా ఓటు వేయలేదు. చార్టర్ సిటీ అయితే రాష్ట్రం పెట్టిన జీతాల పరిమితి వర్తించదు, అసలు ఉద్దేశం అదేనని జనానికి చెప్పినవాడు లేడు. 2010లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టేసరికి పార్ట్ టైమ్ కౌన్సిల్ మెంబర్లు ఏడాదికి లక్ష డాలర్ల దాకా తీసుకుంటున్నారు, రోజువారీ పరిపాలన చూసే సిటీ మేనేజర్ రాబర్ట్ రిజ్జో జీతం దగ్గర దగ్గర 8 లక్షలు. ఎలా వచ్చిందా లక్ష? కౌన్సిల్ జీతం పెంచినట్టు ఎక్కడా కనపడదు, చెత్త బోర్డు, ఇళ్ళ బోర్డు అని నాలుగైదు బోర్డులు పెట్టి వాటిలో వీళ్ళే సభ్యులై నిమిషాల్లో ముగిసే మీటింగులకి విడివిడిగా డబ్బులు రాసుకున్నారు. 2014లో రిజ్జోకి 12 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఆ కథ చదివిన దగ్గర్నుంచీ నేను జీతం లైన్ ఒక్కటే ఎప్పుడూ చూడను, మొత్తం ఎంత చేతికి వెళ్తుందో చూస్తా.

మా ఊళ్ళో జీతాల లెక్క వేసేటప్పుడు నాకు ఇంకో చిక్కు ఎదురైంది. పీర్ సిటీస్ అని మనలాంటి పది ఊళ్ళు తీసుకుని జీతాలు పట్టీ వేయమన్నారు. మొదట వచ్చిన పట్టీ చూస్తే అన్నీ మాకంటే పెద్దవి, మాకంటే డబ్బున్నవి, ఆ పట్టీ ప్రకారం మేం మరీ హీనంగా ఇస్తున్నట్టు. నేను అడిగా, ఈ పది ఎవరు ఎంచారు అని. ఎవరూ ఎంచలేదు, పాత కన్సల్టెంట్ రిపోర్ట్‌లో ఉన్నవే తెచ్చారు. జనాభా, పన్ను ఆదాయం, ప్రభుత్వ రూపం మూడూ దగ్గరగా ఉన్నవి మళ్ళీ ఏరుకుంటే సగటు మూడో వంతు తగ్గింది. ప్రభుత్వ రూపం ఎందుకంటే, హ్యూస్టన్ మేయర్ తీసుకునే 2 లక్షల 30 వేల పైచిలుకు డాలర్లతో మన సబర్బ్ మేయర్‌ని పోల్చకూడదు, హ్యూస్టన్‌లో మేయరే ఊరంతా నడిపే మనిషి, మన దగ్గర రోజువారీ పరిపాలన సిటీ మేనేజర్‌ది, మేయర్ మీటింగ్ నడుపుతారు, విధానం మీద ఓటు వేస్తారు. మన కార్పొరేషన్లలో మేయర్, కమిషనర్ మధ్య పని ఎలా పంచుకుని ఉంటుందో అలాగే అనుకోండి, దాదాపుగా.

ఇంకో పని చేయించాం. కౌన్సిల్ మెంబర్లని ఒక నెలపాటు గంటలు రాసుకోమన్నాం. కొంతమంది విసుక్కున్నారు కానీ రాశారు. వారానికి 18 గంటల నుంచి 27 దాకా వచ్చాయి, మేయర్‌కి ఇంకా ఎక్కువ. మంగళవారం రాత్రి మీటింగ్ ఒక్కటే కాదు, దానికి ముందు మూడు నాలుగు వందల పేజీల ప్యాకెట్ చదవాలి, జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చు అనే) గొడవలు, వీధి చివర నీళ్ళు నిలిచాయని ఫోన్లు, స్కూల్ ఫంక్షన్లు. అప్పుడు మా దగ్గర ఇచ్చేది నెలకి కొన్ని వందల డాలర్ల స్టైపెండ్, గంటకి లెక్కేస్తే బర్గర్ షాపులో పిల్లలకిచ్చే దానికన్నా తక్కువ.

ఈ లెక్కల కంటే నన్ను కదిలించింది ఒక మనిషి. మా వీధిలోనే ఉండే ఒకావిడ, నర్సు, ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నారు, వరద నీళ్ళ కాలవ గురించి కౌన్సిల్ ముందు మాట్లాడితే హాలంతా నిశ్శబ్దమయ్యేది, అంత తెలుసు ఆవిడకి. పోటీ చేయండి అని అందరం బతిమాలాం. కాగితం మీద లెక్క వేసి చూపించారు, మీటింగ్ రోజుల్లో షిఫ్ట్ వదులుకుంటే పోయేది ఇంత, బేబీసిట్టర్‌కి ఇంత, స్టైపెండ్ వచ్చేది ఇంత, నెలకి 900 డాలర్లు నష్టం. "నాకు ఇష్టం లేక కాదండీ, నా పిల్లల డబ్బుతో నేను సేవ చేయలేను" అన్నారు. ఆ సీటు ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారికి పోటీ లేకుండా పోయింది. ఆయన చెడ్డవాడని అనట్లేదు, కానీ జోనింగ్ ఓట్లు వచ్చినప్పుడల్లా సగంసార్లు తన వ్యాపారంతో సంబంధం ఉందని ఓటు వేయకుండా పక్కకి జరగాల్సి వచ్చేది. తక్కువ జీతం ఊరికి ఆదా అనుకునేవాళ్ళకి ఈ ఖర్చు బడ్జెట్ పుస్తకంలో కనపడదు.

మా కమిటీ చివరికి మధ్యస్థ ఆదాయంలో ఒక భాగం అని సిఫార్సు చేసింది. కౌన్సిల్ బ్యాలట్‌కి పంపడానికి జంకింది, ఎలక్షన్ ఏడాది కదా. పంపకపోతే పంపకపోయారు, ఆరు నెలల తర్వాత బడ్జెట్‌లో కార్ అలవెన్స్, ఫోన్ అలవెన్స్ పెంచుకున్నారు, కన్సెంట్ అజెండాలో, అంటే చాలా అంశాలు కలిపి ఒకే ఓటుతో, చర్చ లేకుండా. మొత్తం చిన్నదే, నాకు బాధేసింది అంకె వల్ల కాదు. పట్టపగలు అడిగి ఉంటే జనం ఇచ్చి ఉండేవాళ్ళు.

ఎమ్మెల్యేల పోలిక గురించి కూడా చెప్పి తీరాలి. మన దేశంలో ఎంపీల జీతం పార్లమెంట్ చట్టం ద్వారా, రాజ్యాంగం 106వ అధికరణం, ఎమ్మెల్యేలది శాసనసభ చట్టం ద్వారా, 195వ అధికరణం, అంటే అక్కడ నిజంగానే వాళ్ళది వాళ్ళే నిర్ణయించుకుంటారు, మధ్యలో ఎలక్షన్ రావాలన్న నియమం కూడా లేదు. కానీ కార్పొరేటర్లు, మున్సిపల్ కౌన్సిలర్లు అలా కాదు, వాళ్ళకి ఇచ్చేది గౌరవ వేతనం, అది పెంచాలంటే రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. హైదరాబాద్ అయినా విజయవాడ అయినా సొంత కౌన్సిల్ తీర్మానంతో పెంచుకోలేదు, ఓటరు కూడా ఏం చెప్పలేడు. కాబట్టి మీ బ్యాలట్ మీదున్నది ఈ రెండింటికీ పోలిక లేనిది, మీ చేతికే కలం ఇచ్చారు.

ఇప్పుడు ఆ సవరణ పూర్తి పాఠం తీసి ఇవి వెతకండి. బ్యాలట్ మీద ఉండేది రెండు లైన్ల సారాంశమే, పూర్తి వాక్యాలు ఎలక్షన్ ఆర్డర్‌లో ఉంటాయి, సిటీ సెక్రటరీ దగ్గర దొరుకుతుంది.

అమలు తేదీ. తర్వాతి ఎలక్షన్ తర్వాత అని ఉంటే మంచిది. పాస్ అయిన వెంటనే అంటే ఇప్పుడు కూర్చున్నవాళ్ళే తీసుకుంటారు, నాకు అది నచ్చదు.

ముడి దేనికి. ధరల సూచీకో మధ్యస్థ ఆదాయానికో కట్టి, ఏడాదికి ఇంతకి మించకూడదని పరిమితి ఉందా. పరిమితి లేకుండా "కౌన్సిల్ ఎప్పటికప్పుడు సవరించవచ్చు" అన్న వాక్యం చివర్లో దాక్కుని ఉంటే అంకె ఎంత చిన్నదైనా ఆగండి, ఎందుకంటే ఆ ఒక్క వాక్యంతో మీ చేతిలో కలం మళ్ళీ వాళ్ళ చేతికి పోతుంది.

జీతం బయట ఏముంది. హెల్త్ ఇన్సూరెన్స్, రిటైర్‌మెంట్, కార్, ఫోన్, బోర్డు మీటింగుల ఫీజు. నేను చూసిన ఒక ఊళ్ళో జీతం తక్కువే కానీ కుటుంబానికంతా ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్ళు, దాని విలువ జీతానికి రెండింతలు.

ఒకవేళ మీరే ఎప్పటికైనా పోటీ చేద్దామనుకుంటే, నిజానికి మనవాళ్ళు చేయాలి, అప్పుడు పనికొచ్చే మాట ఒకటి. ఎన్నికైన సభ్యుడికి ఇచ్చేది స్టైపెండ్ అని పిలిచినా ఫెడరల్ పన్నుకి అది ఉద్యోగి జీతమే, ఉద్యోగులకిచ్చే డబ్ల్యూ-2 పన్ను ఫారం వస్తుంది, కాంట్రాక్టర్లకిచ్చే 1099 ఫారం కాదు. మీ ఐటీ కంపెనీలో బయటి ఉద్యోగానికి ముందస్తు అనుమతి తీసుకోవాలన్న రూల్ ఉంటే నామినేషన్‌కి ముందే హెచ్‌ఆర్‌కి రాసి పెట్టుకోండి, గెలిచాక అడిగితే ఇబ్బంది పడినవాళ్ళని చూశా.

అలవెన్సుల పట్టీ వెబ్‌సైట్‌లో దొరక్కపోతే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిక్వెస్ట్ పెట్టండి, ఒక ఈమెయిల్ చాలు, కారణం చెప్పక్కర్లేదు. "గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మేయర్‌కీ ప్రతి కౌన్సిల్ మెంబర్‌కీ జీతం, అలవెన్సులు, ఇన్సూరెన్స్, ప్రయాణ ఖర్చులతో కలిపి చెల్లించిన మొత్తం" అని అడగండి. వెంటనే ఇవ్వాలి, ఇవ్వకూడదనుకుంటే పది వర్కింగ్ డేస్‌లో అటార్నీ జనరల్ ఆఫీసుని అడగాలి. ఎర్లీ ఓటింగ్ మొదలయ్యేలోపు మీ చేతికి రావాలంటే ఈ వారమే పంపండి, వచ్చాక ఆ కాగితం ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.